బండ తిరిగి వచ్చిన పడవ

పడవల పందెం మీద ఈసారి ప్రత్యేక సంచిక వేశారు. మెరిసే కాగితం, రంగుల అట్ట. అందులో జ్ఞాపకాలు రాయమని షామియానాలు వేసే ఆయన్ని అడిగారు. మైకులో పేర్లు చదివే సారును అడిగారు. ఏటా మొదటి వరుసలో కుర్చీ వేయించుకొని, పందెం సగంలో ఉండగానే ఎండగా ఉందని లేచి వెళ్ళిపోయే ఒక పెద్దమనిషిని కూడా అడిగారు. ఆయన గోదావరి అందం గురించి రెండు పేజీలు రాశాడు. పదహారేళ్ళు అదే పందెంలో ముందు తెడ్డు వేసిన నన్ను మాత్రం ఇప్పటిదాకా ఎవరూ ఏమీ అడగలేదు. మర్చిపోయారు అనుకోవడానికి వీల్లేదు. ఆ సంచిక కట్టలు మోసుకొచ్చిన ఆటో మార్కెట్లో నా చేపల దుకాణం ముందే ఆగింది. కమిటీ సెక్రటరీ అందులోంచి దిగి, కిలో బొచ్చె తీసుకొని, దగ్గర నిలబడి కొట్టించుకొని వెళ్ళాడు. జ్ఞాపకాల మాట రాలేదు.

అందుకని అడక్కుండానే రాస్తున్నాను. కుదురుగా కూర్చుని రాయడం నా వల్ల కాదు. నాలుగు వాక్యాలు రాసి లేస్తాను, ఘాటు దాకా పోయి నీళ్ళు చూసి వస్తాను. పైన ప్రాజెక్టు గేట్లు ఎత్తారో లేదో నీళ్ళ రంగు చెబుతుంది. వచ్చి మళ్ళీ నాలుగు వాక్యాలు. పందేనికి ఇంకా పదకొండు రోజులున్నాయి.

"మా బాపే ఊకున్నడు. నడుమ నీకేందయ్యా గీ లొల్లి?" అంటుంది నా భార్య.

ఆమె బాపు, అంటే ఆమె తండ్రి, మా అవ్వ తమ్ముడే, నా మేనమామ. ఈ రాతంతా ఆయన కోసమే.

తెలియనివాళ్ళకు పందెం సంగతి చెప్పాలి. మంచిర్యాల ఘాటు దగ్గర దసరా పోయిన తర్వాతి ఆదివారం పొద్దున ఇది జరుగుతుంది. మా బాపు చిన్నప్పటి నుంచీ ఉంది. ఇటు మా గడ్డ పడవలు, అటు నుంచి పాత కరీంనగర్ జిల్లా గడ్డ పడవలు. అన్నీ చేపలు పట్టే నాటుపడవలే. పందేనికని వారం ముందు అడుగు గీకి, తారు పూసి, ఎండబెట్టి దించుతాం. పడవకు ఆరుగురు తెడ్లు వేస్తారు. ఏడో మనిషి వెనక కూర్చుని పెద్ద తెడ్డుతో దారి పడతాడు. ఘాటు దగ్గర బయలుదేరి నీటికి ఎదురు పోవాలి. నది నడుమ ఉన్న గంగమ్మ బండను తిరిగి, నీటితో పాటు దిగి ఘాటుకు రావాలి. అంతే.

ఆ బండను గుడిని తిరిగినట్టే తిరుగుతాం, కుడి చేతికి పెట్టుకొని. ముందు తెడ్డు వేసేవాడు బండ పక్కకు రాగానే తెడ్డు కొసతో దాన్ని ఒకసారి తాకాలి, నడుముకు కట్టుకున్న పసుపు చిటికెడు నీళ్ళలో వదలాలి. పందెంలో అంతసేపు ఆగితే వెనకవాడు మీదికొస్తాడు. వస్తే రానీ. తాకకుండా తిరిగిన పడవకు వచ్చే ఏడంతా వలలో కంపే పడుతుందని మా అవ్వ చెప్పేది. అవతలి గడ్డవాళ్ళ అవ్వలూ అదే చెప్పి ఉంటారు, వాళ్ళూ తాకేవాళ్ళు. పందెం నియమాల కాగితం మీద తిరిగే చోటు గురించి ఒకటే వాక్యం ఉంది: పడవ గంగమ్మ బండను తిరిగి రావలెను. ఆ కాగితం నా దగ్గర ఉంది. మడతల దగ్గర చినిగితే వెనక టేపు అంటించాను.

కింద ఆనకట్ట కట్టాక బండ నీళ్ళలోకి పోయింది. ఎండాకాలం కూడా బయటపడటం మానేసింది. అయినా మాకు ఇబ్బంది కాలేదు, ఎందుకంటే వెనక మామ ఉన్నాడు. అవతలి గడ్డ మీద రెండు తాటిచెట్లు ఒకదాని వెనక ఒకటి దాక్కోవాలి. ఇటు గడ్డ మీద నీళ్ళ ట్యాంకు, గుడి శిఖరం ఒక్క గీత మీదికి రావాలి. ఆ రెండూ కుదిరిన చోట తెడ్డు నిలువుగా దించితే బండ తగులుతుంది. మామ పడవను అక్కడికి తెచ్చి "ఆఁ, దించు" అనేవాడు. నేను దించేవాణ్ణి. తగలని ఏడు లేదు.

తొమ్మిదేళ్ళ కింద కొత్త కమిటీ వచ్చింది. సెక్రటరీ వడ్ల వ్యాపారం చేసే మనిషి. మంచి హుషారైనవాడే, ఆ మాట నేను కాదనను. ఘాటు మెట్లు కడిగించాడు, ఆడవాళ్ళకు వేరే కుర్చీలు వేయించాడు. పందెం ముందు పెట్టిన మీటింగులో అన్నాడు: "బండ మీకు తెలుస్తది, సరే. షామియాన కింద కూసున్నోళ్ళకు ఎట్ల తెలుస్తది? ఎవడు తిరిగిండు, ఎవడు నడుమనే మల్లిండు, ఎట్ల చెప్పాలె? బండ మీద గుర్తు పెడుదాం." అందరూ సరే అన్నారు. నేనూ అన్నాను. బండ మీద గుర్తు అన్నాడు కాబట్టి సరే అన్నాను.

ఆ గుర్తు ఒక నీలి ప్లాస్టిక్ డ్రమ్ము. రైల్వే గేటు దగ్గర పాత డ్రమ్ములు, తాళ్ళు అమ్మే భాయ్ దుకాణంలో కొన్నారు. డ్రమ్ముకు తాడు కట్టి, తాడు చివర ఒక ఇసుక సంచి కట్టి, సంచిని బండ మీద దించి వచ్చారు. దించింది మా వాడవాళ్ళే, మామ చూపిన చోటే. అప్పటికి డ్రమ్ము సరిగ్గా బండ మీదే నిలబడింది. అది పందెం ముందు రోజు.

తర్వాత భాయ్ నాతో చెప్పిన మాటలు ఇవి: "ఒక్క సంచి ఆగది సార్, నీళ్ళు జోర్ మీదున్నయ్, రెండు కట్టుండ్రి, రస్సీ గూడ జర మోటుది తీస్కపోండ్రి అన్న. సెక్రటరీ సాబ్ నవ్విండు. డ్రమ్మేమన్న పారిపోతదా భాయ్, అన్నడు. పారిపోయింది కద మరి!"

తెల్లారేసరికి పైన రెండు గేట్లు ఎత్తారు. నీళ్ళు ఎర్రగా వచ్చాయి. సంచి బండ మీద నుంచి జారింది. డ్రమ్ము సంచిని ఈడ్చుకుంటూ కిందికి, ఊరి ఒడ్డు వైపుకు కొట్టుకొచ్చి, ఇంకెక్కడో తట్టుకొని ఆగింది. ఐదారు పడవల దూరం. ఎవరూ సరిచేయలేదు. షామియానా నుంచి చూస్తే డ్రమ్ము ముందుకన్నా బాగా కనిపిస్తోందని సంతోషించారేమో కూడా.

జెండా ఊపారు. ఏడు పడవలు. మాది మూడో నంబరు. సగం దూరం దాకా అవతలి గడ్డ పడవ ఒకటి మా పక్కనే ఉంది, దాని తెడ్ల నీళ్ళు నా మొహం మీద పడుతున్నాయి. తర్వాత మామ పడవను నది నడుమకు తీశాడు, మేం ముందుకు పోయాం. వెనక నుంచి ఆయన గొంతు ఒకటే: "గుంజు... గుంజు..." నేను తల వంచుకొని తెడ్డు వేస్తున్నాను. కుడి వైపు కంటి కొసకు నీలి రంగు తగిలింది. దాటిపోయింది. వెనక్కి తిరిగి అడిగే తీరిక లేదు, మామ పడవ నడుపుతుండగా అడిగే అలవాటూ లేదు. ఇంకాస్త గుంజాక "ఆఁ, దించు" అన్నాడు. దించాను. టక్కుమంది. ఆ ఏడు నీటి వేగానికి తెడ్డు కొస బండ మీద గట్టిగా కొట్టుకొని, చీలిక లేచిపోయింది. పసుపు వదిలాను. తిరిగాం.

దిగేటప్పుడు చూశాను. మిగతా ఆరు పడవలూ కింద డ్రమ్ము చుట్టూ తిరుగుతున్నాయి, ఒకదానికొకటి తగులుకుంటూ, తిట్టుకుంటూ. డ్రమ్ము పోయేటప్పుడు మా కుడి చేతికి ఉంది, వచ్చేటప్పుడు ఎడమ చేతికి. అంటే మేం దాన్ని తిరగలేదు. బండను తిరిగాం. అందరికన్నా దూరం పోయాం, అయినా అరపడవ ముందు ఘాటుకు చేరాం. పడవ మెట్టుకు కొట్టుకున్న చప్పుడు ఇప్పటికీ నా మోకాళ్ళలో ఉంది.

అప్పుడు మైకు సారు గొంతు సవరించుకున్నాడు. "మూడో నంబరు పడవ డ్రమ్మును తిరగలేదు కాబట్టి లెక్కలోకి రాదు. దారి పట్టినాయనకు డ్రమ్ము కనబడనట్టుంది. పెద్దమనిషి గదా, కండ్లద్దాలు కొనియ్యాలని వాడవాళ్ళను కోరుతున్నం."

ఘాటంతా నవ్వింది. మామ పడవలోంచి లేవలేదు. తెడ్డు మోకాళ్ళ మీద పెట్టుకొని నీళ్ళవైపు చూస్తూ కూర్చున్నాడు. నేను చీలిన తెడ్డు పట్టుకొని షామియానాలోకి పోయాను.

"సార్, బండ తగిలింది. చూడుండ్రి, తెడ్డు కొస పోయింది."

"అది ఇంట్ల కొట్టుకున్నవో, ఈడ కొట్టుకున్నవో," అన్నాడు సెక్రటరీ.

"పందెం బండను తిరుగుడా, డ్రమ్మును తిరుగుడా?"

"డ్రమ్ము ఏడుంటే బండ ఆడనే. గంతే."

"గదే మాట కాగితం మీద రాసియ్యుండ్రి."

"పండుగ పూట పంచాది పెట్టకు. పో, బువ్వ తినుపో."

ఆ రోజు వాళ్ళు పెట్టిన అన్నం నేను తినలేదు. ఆ తర్వాత ఏ ఏడూ తినలేదు.

మామ తన తెడ్డును ఇంటికి తెచ్చి అటక మీద పెట్టాడు. చేపలకు పోతాడు, వల వేస్తాడు, పందేనికి మాత్రం పోడు. పందెం రోజు పొద్దున్నే ఇచ్చోడలో ఉన్న చిన్న బిడ్డ ఇంటికి బస్సెక్కుతాడు. ఊళ్ళో ఆయనకు డ్రమ్ము మామ అని పేరు పడింది. హోటల్లో చాయ్ ముందు పెడుతూ కూడా అంటారు, "మామా, గ్లాసు కనబడుతుందా, ఇంక జర ముందుకు జరపాల్నా?" ఆయన నవ్వి తాగుతాడు. నేను పక్కన ఉంటే తాగకుండా లేస్తాను. చాయ్ మానుకున్న హోటళ్ళు మంచిర్యాలలో నాకు నాలుగున్నాయి.

ఘాటు మీద కమిటీ గది ఉంది. అందులో గోడకు ఏటేటా గెలిచిన పడవల పట్టిక ఉంది. ఆ ఏటి వరుసలో అవతలి గడ్డ పడవ పేరుంది. వాళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళు కళ్ళకు కనబడినదాన్ని తిరిగారు. కోపమంతా జవాబు చెప్పనివాళ్ళ మీద. దరఖాస్తులు రాయడం మొదలుపెట్టాను. ఒకటి ఇచ్చిన వారానికి, అదే గదిలో నీళ్ళ క్యాను స్టాండు ఊగకుండా కాలి కింద మడిచిపెట్టిన కాగితం మీద నా చేతిరాత కనిపించింది. ఇంకోటి ఇస్తే "చూస్తం" అన్నారు. ఏం చూస్తారో, ఎప్పుడు చూస్తారో అడగడానికి మూడుసార్లు పోయాను. మూడుసార్లూ తాళం.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. మొదటి దరఖాస్తులో ఇలా రాశాను: డ్రమ్ము కొట్టుకుపోయినందున దారి పట్టే మనిషికి అది కనబడలేదు, తప్పు కమిటీది. మామ సంతకం కోసం తీసుకుపోతే, చదివి వినిపించమన్నాడు. విన్నాడు. "నేను పెట్ట," అన్నాడు.

"ఎందుకు మామా?"

"నేను పెట్ట అన్న గద."

అది కూడా నాకు అవమానంగానే తోచింది. ఆయన కోసం నేను తిరుగుతుంటే ఆయనే నన్ను పక్కన పెట్టాడు అనుకున్నాను. ఒక నెల ఆయనతో మాట్లాడలేదు. ఒకే వాకిట్లో ఉంటూ, ఆయన బిడ్డ వండిన అన్నం తింటూ మాట్లాడలేదు. సంతకం నేనొక్కణ్ణే పెట్టి అదే మాట ఐదు దరఖాస్తుల్లో రాశాను.

ఇప్పుడే ఘాటుకు పోయి వచ్చాను. నీళ్ళు పొద్దుటికన్నా రెండు మెట్లు పైకి వచ్చాయి. బతుకమ్మలు వేయడానికి వచ్చే ఆడవాళ్ళ కోసం అడ్డంగా కర్రలు కడుతున్నారు. కమిటీ గది ముందు ఒక నీలి డ్రమ్ము బోర్లించి ఉంది. కొత్తది. ఒక సంచి కడతారో రెండు కడతారో అడుగుదామంటే తాళం.

మూడేళ్ళ కిందటి ఎండాకాలంలో, కింద ఉన్న ఆనకట్ట గేట్లు బాగుచేయడానికని నీళ్ళు వదిలేశారు. గంగమ్మ బండ బయటపడింది. పొద్దున్నే ఒక్కణ్ణే పోయి చూసి, పరుగున ఇంటికి వచ్చి మామను తీసుకుపోయాను. మోకాలు లోతు నీళ్ళలో నడిచి పోయాం. బండ మీద నాచు ఎండి తెల్లగా పెచ్చులు లేస్తోంది. మామ ముందు దండం పెట్టాడు, తర్వాత తువ్వాల పరుచుకొని దాని మీద కూర్చున్నాడు. నేను కూర్చోలేదు. తాటిచెట్లు చూశాను, ట్యాంకు చూశాను, అన్నీ కుదిరాయి. డ్రమ్ము ఎక్కడ ఆగిందో అక్కడికి నడిచిపోయి చెయ్యెత్తి చూపించాను. అక్కడి నుంచి మామ చిన్నగా కనిపించాడు. అంత దూరం.

తిరిగి వచ్చి అన్నాను, "ఇగో మామా, గింత దూరం కొట్టుకపోయింది. నీకు కనబడకపోవుట్ల తప్పేముంది?"

మామ నా వైపు చూశాడు. "కనబడలేదని నీకెవడు చెప్పిండు?"

"మరి?"

"గంత పెద్ద నీలి డ్రమ్ము కనబడకపోవుడేంది అల్లుడా? నీకంటె ముందుగాల నేనే చూసిన."

"చూసి గూడ ముందుకు తీసినవా?"

"బండ ఈడుంటే ఆడెట్ల తిరుగుతర్రా?"

"గా మాట అప్పుడే చెప్పొచ్చు గద! నవ్వుతుంటే ఎందుకు ఊకున్నవ్?"

"ఏమని చెప్పాలె? చూసిన అంటే, చూసి గూడ తిరగలే, తప్పు నీదే అంటరు. చూడలే అంటే అబద్ధమాయె. నవ్వేటోళ్ళు నవ్వనీ అనుకున్న." తువ్వాల అంచు సర్దుకున్నాడు. "నువ్వు రాసుకచ్చిన కాయితంల గూడ గదే ఉండె. డ్రమ్ము కనబడలే అని. గందుకే పెట్టలే."

మైకు సారు ఆయన్ని కళ్ళు కనబడనివాడని అన్నది ఒక్కసారి. కాగితం మీద ఐదుసార్లు అన్నది నేను. ఆ లెక్కన ఎవరి మీద దరఖాస్తు పెట్టాలో తెలియక బండ చుట్టూ తిరిగాను, కాలు నిలవక. మామ "ఇగ సాలు, కండ్లు తిరుగుతయ్" అన్నాడు. నవ్వాడు కూడా. ఆయనకు నా మీద కోపం లేనందుకు ఇంకా చిరాకు పుట్టింది.

ఆరో దరఖాస్తు కొత్తగా రాశాను. డ్రమ్మును చూశాం. చూసి, బండనే తిరిగాం. నియమాల కాగితంలో బండ అని ఉంది. అది సరైనదా కాదా చెప్పండి. మామ చదివి వినిపించమన్నాడు. విని, పెన్ను అడిగి తీసుకున్నాడు. సంతకం పూర్తయ్యేదాకా కాగితం కదలకుండా అంచు పట్టుకున్నాను.

దానికీ జవాబు లేదు. పోయిన దసరాకు జమ్మి పంచేటప్పుడు సెక్రటరీ మా వాడకు వచ్చాడు. నా ఎడమ పక్కన ఉన్నతని చేతిలో ఆకు పెట్టి కౌగిలించుకున్నాడు. నా కుడి పక్కన ఉన్నతని చేతిలో పెట్టాడు. నడుమ నేను చెయ్యి చాచి ఉన్నాను. నా పక్క నుంచి పోయాడు. ఆ చెయ్యిని ఎటు పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాను. జమ్మి అంటే శత్రువుకైనా ఇస్తారు.

ఇదంతా పాత గొడవ, వదిలెయ్ అంటారు. వదిలేద్దును. కానీ మామ తర్వాత మా పడవకు దారి పట్టిన మనిషి ఈ ఏడు దుబాయి పోయాడు. వాడలో వెనక కూర్చుని ఆ గీతలు పట్టి పడవ నడపగలవాళ్ళు ఇంకెవరూ లేరు. మొన్న ఆరుగురం కలిసి మామ దగ్గరికి పోయాం. ఆయన చాలాసేపు వల ముడులే చూసుకున్నాడు. తర్వాత అన్నాడు:

"దారి పడుత. గని ఏది తిరగాల్నో ముందుగాల చెప్పుమనుండ్రి. డ్రమ్మే అంటే డ్రమ్మే తిరుగుత. బండకు ఆడినుంచే దండం పెట్టుకుంట, తల్లి ఏమనది. బండ అంటే బండ తిరుగుత. వచ్చినంక చెప్పుడు గాదు. ఈసారి ఘాటు మీద నవ్వు ఇనడానికి నాకు ఓపిక లేదు."

మేం వచ్చేశాక అటక మీది తెడ్డు దించి నూనె రాశాడట, నా భార్య చెప్పింది. తొమ్మిదేళ్ళ దుమ్ము తుడిచిన గుడ్డ వాకిట్లో ఆరేసి ఉంది. దాన్ని దాటిన ప్రతిసారీ నాకు కాలు ఆగదు. జవాబు రాకపోతే ఆయన మళ్ళీ ఇచ్చోడ బస్సెక్కుతాడు. ఆ తెడ్డు మళ్ళీ పైకి పోతే ఇక దిగదు.

అందుకే, సెక్రటరీ కిలో బొచ్చె కోసం వచ్చిన రోజు నేను అడిగాను. చేప కోస్తూనే అడిగాను, గౌరవంగానే అడిగాను. "సార్, ఈసారి నీళ్ళు మస్తున్నయ్. డ్రమ్ము జరిగితే ఏది తిరగాలె? బండనా, డ్రమ్మా?"

ఆయన నా చేతుల వైపు చూశాడు. "ముక్కలు చిన్నగ కొట్టు," అన్నాడు.

చిన్నగానే కొట్టాను. ఆయన పోయాక, ఆటో అతను ఇచ్చిపోయిన సంచిక తెరిచాను. మొదటి పేజీలోనే సెక్రటరీ ముందుమాట. గంగమ్మ తల్లి బండ చుట్టూ ప్రదక్షిణ చేసే పందెం ఇదొక్కటేనని, అదే మన గర్వమని ఆయనే రాశాడు, కింద ఆయన ఫోటో. ఆ పేజీని నియమాల కాగితంతో కలిపి మడిచి జేబులో పెట్టుకున్నాను.

సెక్రటరీ గారూ, గెలుపు పట్టికలో పేరు మార్చమని ఈసారి అడగడం లేదు. ఆ సంగతి తర్వాత చూద్దాం, మర్చిపోయానని మాత్రం అనుకోవద్దు. ఇప్పుడు అడిగేది ఒకే ఒక్కటి. పందెంలో పడవ తిరగవలసింది బండనా, డ్రమ్మునా? ఏదైనా ఒప్పుకుంటాం. కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి, పందెం ముందు రోజు సాయంత్రం లోపల మా మామ చేతికి ఇవ్వండి. చేపల దుకాణంలో ఇచ్చినా సరే, నేను పొద్దుటి నుంచి అక్కడే ఉంటాను. లేకపోతే ఘాటు మీద ఉంటాను. ఎక్కడున్నా నిలబడే ఉంటాను. జవాబు చెప్పండి.